పేరు లేని బ్యాండు, రంగు లేని ఫ్లెక్సీ

మా తమ్ముడు పోయిన పన్నెండో రోజు పొద్దున నలుగురు పిల్లలు మా గేటు ముందు నిలబడి ఉన్నారు. కర్మకు వేసిన టెంటు ఇంకా విప్పలేదు. వాళ్ల భుజాన గిటారు, చంకలో కీబోర్డు చూసి, టెంటును బట్టి పొరపాటు పడ్డారేమోనని, "ఇది పెళ్లి ఇల్లు కాదమ్మా" అన్నాను.

"తెలుసు సార్. అన్న పోయిండని తెలుసు. నిన్న మేం గూడ వచ్చినం, అన్నం గూడ తిన్నం" అన్నాడు గిటారు అబ్బాయి. "షెడ్డు తాళంచెవి మీ తాన ఉన్నదట."

మా తమ్ముడికి సూర్యాపేటలో మైక్‌సెట్ దుకాణం ఉండేది. సభలకు, పెళ్లిళ్లకు, జాతరలకు స్పీకర్లు కిరాయికి ఇచ్చేవాడు. మా ఇద్దరి ఇళ్లూ ఒకే ఆవరణలో ఉంటాయి. వెనక ఉన్న రేకుల షెడ్డులో వాడి స్పీకర్లు, వైర్ల చుట్టలు ఉండేవి. సాయంత్రాలు ఆ షెడ్డును పాటలు కట్టుకునే పిల్లలకు ఊరికే ఇచ్చేవాడు. ఏ కంపెనీ వాళ్లతో కాగితం రాసుకోని, ఏ సినిమావాళ్లూ పిలవని పిల్లలు వాళ్లు. పదేళ్లలో అలాంటి బ్యాండ్లు చాలా వచ్చాయి, పోయాయి. ఒకదాన్ని ఉద్యోగాలు విడగొట్టాయి, ఇంకోదాన్ని పెళ్లి. ఒక బ్యాండు మాత్రం వ్యానులో ముందు సీటు ఎవరిదన్న విషయం మీద విడిపోయింది. పెళ్లిలో మైకు బిగిస్తూ కూడా పెళ్లికొడుకు తండ్రికి మా వాడు వీళ్ల గురించి చెబుతుండేవాడు. ఆ పదేళ్లూ నేను సాయంత్రం ఐదింటికి కిటికీ తలుపు మూసి పుస్తకం తెరిచేవాణ్ణి. ఒక్కసారి కూడా షెడ్డులోకి వెళ్లి వినలేదు. వాడు రమ్మని అడగలేదు. అడగడానికి మొహమాటపడ్డాడేమో, ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

తాళంచెవి సంగతి నేను తేల్చలేక మరదలిని అడిగాను. వాడి భార్య మాటలో ఖచ్చితమైన మనిషి. అప్పుడు ఆమె పక్కన వీధి చివరి పెద్దావిడ కూర్చుని ఉంది. "ఏడాది తిరగనియ్యరాదు, సూతకం ఇంట్ల పాటలేందమ్మా" అంది.

"ఆయన దుకాణమే సప్పుడు పెద్దమ్మా" అంది మరదలు. "బందు పెడితే ఆయనకే కొత్తగుంటది. తాళం ఇయ్యండి బావా."

అలా ఇచ్చాను. మళ్లీ తాళం వేయడానికి ఒకరు ఉండాలి కాబట్టి, వారానికి మూడు సాయంత్రాలు షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవడం నా పని అయింది.

నలుగురూ పాతికేళ్లకు అటూ ఇటూ ఉంటారు. పాడే అమ్మాయిది గరిడేపల్లి అవతల తండా. సూర్యాపేటలో ఒక ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. గిటారు అబ్బాయి కోదాడలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. కీబోర్డు అబ్బాయి మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు గుమాస్తా. డప్పూ ప్యాడ్లూ వాయించే అబ్బాయి సూర్యాపేటలోనే కరెంటు పని చేస్తాడు. పాటలు వాళ్లవే, మాటలు కూడా వాళ్లవే. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారన్నది ఒక పాట. కోదాడ బస్టాండులో తప్పిపోయిన బస్సు మీద ఒకటి. సూది కనబడగానే కళ్లు తిరిగి పడిపోయే పెద్ద మీసాల మనుషుల మీద ఆ అమ్మాయి రాసింది ఒకటి.

వాళ్లకు లేనిది పేరు. రెండేళ్లుగా పేరు కోసం వెతుకుతున్నారు. ఒకరు చెప్పిన పేరు మిగతా ముగ్గురికి నచ్చదు.

"పేరు లేకపోతే జనం ఎట్లా పిలుస్తారు?" అని అడిగాను.

"ఇప్పటిదాక ఎవ్వరు పిలవలే సార్" అన్నాడు డప్పు అబ్బాయి. "అందుకే తొందర పడతలేం."

మా తమ్ముడు ఉన్నప్పుడు వాళ్ల తరఫున నోరు వాడిదే. వాడు పోయాక ఆ పని నామీద పడింది. నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పాను. మూడు ఊళ్లలోనూ నా దగ్గర చదివినవాళ్లు ఉన్నారు. మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలు మేనేజరు నా శిష్యుడే. ముందు అతని దగ్గరికి వెళ్లాను.

"మంచిగ పాడుతరా సార్?" అన్నాడు.

"రెండు పాటలు బాగుంటాయి. మూడోది పొడుగు. మిగతావాటికి ఇంకా పని కావాలి."

అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సార్, మీరు వాళ్ల దిక్కు మాట్లాడనీకె వచ్చిన్రా, వాళ్ల మీద కంప్లైంటా?"

"ఉన్నది చెప్పాను."

"బరాత్‌ల వాయిస్తరా మరి?"

"కూర్చుని వినే పాటలు."

"పెళ్లిల ఎవరు కూసుంటరు సార్, బంతిల దప్ప?"

చాయ్ తాగించి పంపాడు. తర్వాత నాకు తెలిసిన ఒక కాలేజీ వాళ్లు వార్షికోత్సవానికి పిలుస్తామన్నారు, కానీ సినిమా పాటలే కావాలన్నారు. మునగాల దగ్గర హైవే మీద దాబా నడిపే ఇంకో శిష్యుడు మాత్రం ఆదివారం మధ్యాహ్నం చెట్టు కింద పాడుకోనిచ్చాడు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే బస్సులు అక్కడ ఇరవై నిమిషాలు ఆగుతాయి. పాట సగంలో ఉండగా బస్సు నిండుగా జనం దిగేవారు, ఇంకో పాట సగంలో మొత్తం ఎక్కి పోయేవారు. ఏ ఒక్కరూ ఒక పాట మొదలూ చివరా రెండూ వినలేదు. ఒక్క లారీ డ్రైవరు మాత్రం మంచం మీద పడుకుని గంటన్నర ఉన్నాడు. లేచి వచ్చి అమ్మాయికి దండం పెట్టాడు.

"మూడు దినాల సంది నిద్ర లేదు బిడ్డా. మీ పాట పెట్టంగనే పట్టింది. ఎటు పోయినా మీరే ఉండాలె."

గిటారు అబ్బాయి ఆ రోజుకు గిటారు సంచిలో పెట్టేశాడు. నాకైతే ఆ డ్రైవరు నిజమే చెప్పాడనిపించింది, నిజం చెప్పేవాళ్లంటే నాకు గౌరవం.

మూడు నెలలు గడిచాక ఒకరోజు మరదలు నన్ను పిలిచి కూర్చోబెట్టింది. సిమెంటు వ్యాపారి ఒకాయన షెడ్డు కిరాయికి అడుగుతున్నాడట. వాడపల్లి వైపు నుంచి వచ్చే బస్తాలు దించుకోవడానికి గోదాం కావాలి. స్పీకర్లు ఇప్పటికే సగం అమ్ముడుపోయాయి. ఆమెకు ఇల్లు గడవాలి, అందులో నేను కాదనడానికి ఏమీ లేదు.

"నేను వాళ్లను ఎల్లగొడతలేను బావా" అంది. "కానీ వాళ్ల పాట వినేటోళ్లు ఉన్నరా లేరా? లేకపోతే ఆ పిల్లలు ఏం జేస్తున్నట్టు, మనం ఏం జేస్తున్నట్టు? ఒక్క ప్రోగ్రాం పెట్టమనండి. వంద మంది రావాలె. వచ్చినోళ్లు ఆఖరిదాక కూసోవాలె. కూసుంటే షెడ్డు వాళ్లది. లేకపోతే సిమెంటుకిస్త."

నేను ఆ మాటను అలాగే షెడ్డులో చెప్పాను. అమ్మాయి తన ల్యాబులో ఉన్నట్టు మెల్లగా, "వంద మంది రక్తం ఇమ్మంటే ఇస్తరు సార్, కూసొమ్మంటే కూసుంటరా" అంది. వాళ్లకు వేరే చోటు లేదు. అద్దె గదుల్లో డప్పు వాయించనివ్వరు. ఆ షెడ్డు పోతే ఆ నలుగురూ మళ్లీ ఒకచోట కూడరని వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు.

మూఢం నడుస్తోంది, పెళ్లిళ్లు లేవు. సూర్యాపేటలో మా తమ్ముడి స్నేహితుడి ఫంక్షన్ హాలు ఖాళీగా ఉంది. ఆదివారం సాయంత్రం ఇచ్చాడు. ఇక ఊళ్లకు తెలియజేయాలి. ఫ్లెక్సీలు వేయాలన్నారు పిల్లలు. అందులో ఏం రాయాలో గిటారు అబ్బాయి అప్పటికే రాసుకొచ్చాడు. మొదటి వరుసలో 'సంగీత ప్రపంచంలో సరికొత్త సునామీ' అని ఉంది.

"సునామీ వస్తే జనం వస్తారా, పారిపోతారా?" అన్నాను.

"గట్ల రాస్తరు సార్ అందరు."

అందరూ రాస్తారన్నది నిజమే. మా వీధి మలుపులో ఒక కుర్రాడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది. ఆరుగురు స్నేహితులు, ఒక సింహం, వెనక మంటలు. ఆ కుర్రాడు చేసిన పని పుట్టడం ఒక్కటే. ఇన్ని పెద్ద మాటల మధ్య చిన్న మాటే కనబడుతుందని నేను పిల్లలకు చెప్పాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన గొంతుతో చెప్పాను కాబట్టి ఒప్పుకున్నారు. ఫోటోలు వాళ్లే ఎంచుకున్నారు. నలుగురివీ విడివిడిగా, నలుపు తెలుపులో, ఒక్కరి మొహం మీదా నవ్వు లేకుండా.

"కొంచెం నవ్వితే బాగుండేది" అన్నాను.

"బ్యాండోళ్లు నవ్వరు సార్" అంది అమ్మాయి.

కోదాడలో గిటారు అబ్బాయికి తెలిసిన ఫ్లెక్సీ షాపుకు నేనే కాగితం పట్టుకుని వెళ్లాను. షాపాయన కంప్యూటరు ముందు కూర్చుని ఉత్సాహంగా మొదలుపెట్టాడు.

"బ్యాక్‌గ్రౌండేం పెట్టమంటారు సార్? పులి ఉంది. సింహం ఉంది, పిడుగులతో."

"ఏమీ వద్దు."

"పోనీ పూలు?"

"వద్దు. తెల్లగా ఉంచండి."

"పేర్ల ముందు బిరుదులు?"

"పేర్లే వద్దు. వాళ్లకు బ్యాండు పేరు కూడా లేదు. ఫోటోలు, తేదీ, సమయం, హాలు. అందరూ రావలసిందిగా కోరుతున్నాం. కింద చిన్న అక్షరాల్లో, 'వీరి పాటలు వీరే రాసుకున్నారు, విని వెళ్లండి'."

ఆయన మౌస్ వదిలేసి నా వైపు తిరిగాడు. "ఏమీ అనుకోకండి సార్. ఇట్టా ఏమీ లేకుండా మేం ఒక్కదానికే వేస్తామండి."

"అయితే ఇది రెండోది అవుతుంది" అన్నాను.

రంగు అమ్ముకోవడానికే అలా అంటున్నాడనుకున్నాను. ఆయన మరో మాట మాట్లాడకుండా వేసిచ్చాడు. బయటికి వస్తుంటే లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. కోదాడలో మర్యాద ఎక్కువని సంతోషించాను.

సూర్యాపేటలో మూడు, కోదాడలో రెండు, మిర్యాలగూడలో రెండు, మునగాల దాబా దగ్గర ఒకటి కట్టించాం. రెండోరోజు పొద్దున నేను చాయ్ హోటల్లో కూర్చుని ఉంటే పక్క బెంచీ మీద ఒకాయన తలూపుతూ అన్నాడు. "పాపం, నలుగురు ఒక్క కార్ల పోయిన్రట సార్. మునగాల కాడ."

గ్లాసు కింద పెట్టాను. ఆ మధ్య చావు కబురు ఎవరిదైనా నాకు దగ్గరిదే అనిపించేది. "ఎవరు బాబూ?" అన్నాను.

ఆయన రోడ్డు అవతలికి చూపించాడు. అక్కడ మా ఫ్లెక్సీ ఉంది.

ఇంత దూరం నుంచి మొదటిసారి చూశాను. తెల్లటి బట్ట మీద నవ్వని నాలుగు ముఖాలు. కింద ఆదివారం, సాయంత్రం ఐదు గంటలు, హాలు పేరు, అందరూ రావలసిందిగా కోరుతున్నాం. పాటల సంగతి ఇక్కడికి ఆనలేదు. పెద్ద అక్షరాలంటే అరుపులని నేనే చిన్నవి వేయించాను. పైన ఎవరో బంతిపూల దండ కూడా వేశారు.

"వాళ్లు బతికే ఉన్నారు" అన్నాను.

"ఆఁ?"

"నలుగురూ బాగున్నారు. నిన్న సాయంత్రం నాతో చాయ్ తాగారు."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "గట్లనే ఉంటది సార్. మా నాయిన పోయినంక నాకు గూడ ఆర్నెల్లు పొద్దుగాల కనబడుతుండె. మాట్లాడుతుండె గూడ."

హోటలాయన గ్లాసు కడుగుతూ, "తమ్ముడు పోయిన సంది సార్ జర పరేషాన్ల ఉన్నడు" అని మెల్లగా చెప్పడం నాకు వినబడింది. నా చాయ్ నాకు ఊరికే ఇచ్చారు.

ఆ సాయంత్రం షెడ్డులో అందరూ తలా ఒక కబురు తెచ్చారు. వాట్సాప్ గ్రూపుల్లో నాలుగు ఫోటోలూ తిరుగుతున్నాయి, కింద చేతులు జోడించిన బొమ్మలు. డప్పు అబ్బాయి నెల రోజుల నుంచి ఒకరింట్లో ఫ్యాను బాగుచేయకుండా తప్పించుకుంటున్నాడు. ఆ ఇల్లాలు వీధిలో అందరికీ, "మంచి పోరడు, ఫ్యాన్‌దేముంది" అని చెబుతోందట. ఆ ఇంటి ముందు నుంచి ఎలా వెళ్లాలో అతనికి తెలియడం లేదు. ల్యాబుకు వచ్చిన ఒక ముసలాయన అమ్మాయిని చూసి, రక్తం ఇవ్వకుండానే వెళ్లిపోయాడు. కీబోర్డు అబ్బాయిది అన్నిటికంటే చిత్రం. సర్టిఫికెట్ కోసం మిర్యాలగూడలో పాత కాలేజీకి వెళ్లాడు. ప్రార్థన సమయం. రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు, అందరితోపాటు ఇతనూ తలవంచి నిలబడ్డాడు. అయ్యాక పక్కవాణ్ణి ఎవరి కోసమని అడిగాడు. పక్కవాడు చెప్పబోతూ ఇతని మొహం చూసి కుర్చీ పట్టుకున్నాడు.

"నువ్వెందుకు చెప్పలేదు అక్కడే?" అన్నాను.

"అంత మంది నా కోసం నిలబడ్డరు సార్. మల్ల బాగుండదని వచ్చిన."

తప్పు నాది. కాబట్టి దిద్దడం కూడా నేనే దిద్దాలని మళ్లీ కోదాడ వెళ్లాను. ఫ్లెక్సీ మీద అంటించడానికి ఒక పట్టీ వేయించాను. పెద్ద అక్షరాల్లోనే, 'వీరు బతికే ఉన్నారు' అని. షాపాయన కళ్లు తుడుచుకుంటూ, "మంచి మాట రాశారండీ" అన్నాడు. పట్టీలు అంటించిన మరునాడు ఇంకో రెండు దండలు పడ్డాయి.

అప్పుడు తీసేద్దామన్నాను. గిటారు అబ్బాయి ఒప్పుకోలేదు. "సార్, రెండేండ్ల సంది మేం ఉన్నమని ఎవ్వరికి తెలువది. ఇప్పుడు లేమని మూడూళ్లకు తెలిసింది. ఆదివారందాక ఉండనియ్యండి." అమ్మాయి తండాలో వాళ్ల నాయనమ్మ ఒక్కతే, ఫోనులో చూపిస్తే, ఫ్లెక్సీని ఫ్లెక్సీగా చూసిందట. బొమ్మ బాగానే పడింది కానీ రంగు వేయించడానికి ఏం రోగమని తిట్టిందట.

మోసంతో జనాన్ని రప్పించడం నాకు ఇష్టం లేదు. హాలులో ముందు నేనే మైకు తీసుకుని నిజం చెబుతానని, వెళ్లేవాళ్లను వెళ్లనివ్వాలని షరతు పెట్టాను. వాళ్లు ఒప్పుకున్నారు. షెడ్డు పోయినా సరే అని అమ్మాయి అంది, తక్కినవాళ్లు అనలేదు.

మా వైపు పాటల కార్యక్రమం ఐదింటికంటే ఆరున్నరకు వస్తారు. పరామర్శకు మాత్రం ఐదింటికంటే ఐదింటికే వస్తారు. పావు తక్కువ ఐదుకే హాలు సగం నిండింది. తెల్లబట్టలు, తగ్గించిన గొంతులు. చెప్పులు వరుసగా బయట విడిచారు. ఒక వార్డు నాయకుడు నలుగురు అనుచరులతో, నాలుగు గులాబీ దండలతో వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"ఫోటోలు ఏడ పెట్టిన్రు సార్? పూలెయ్యాలె."

"ఫోటోలు లేవండి. వాళ్లే వస్తారు."

ఆయన జాలిగా తలూపి ముందు వరుసలో కూర్చున్నాడు. మరదలు వెనక గోడ దగ్గర ఆడవాళ్ల వరుసలో కూర్చుంది. ఐదింటికి నేను మైకు ముందుకు వెళ్లాను. అంత నిశ్శబ్దమైన సభ ముందు నేనెప్పుడూ నిలబడలేదు.

"మీకు పొరపాటు కబురు అందింది" అన్నాను. "ఈ నలుగురూ చనిపోలేదు. నేను వేయించిన ఫ్లెక్సీ వల్ల మీరు అలా అనుకున్నారు. ఇది పాటల కార్యక్రమం. క్షమించండి. వెళ్లదలచినవాళ్లు వెళ్లవచ్చు."

ఒక్కరూ కదలలేదు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నలుగురూ తెర పక్క నుంచి వచ్చి వాళ్ల వాళ్ల చోట్ల నిలబడ్డారు. డప్పు అబ్బాయి అలవాటుగా కర్రతో రెండు దెబ్బలు కొట్టి చూసుకున్నాడు.

మూడో వరుసలో ఒక ముసలామె పక్కావిడతో, "పిల్లలు మంచిగనే ఉన్నరు గదనే" అంది. ఫ్యాను ఇల్లాలు లేచి నిలబడింది. "ఒరేయ్, బతికే ఉన్నవా? మరి నా ఫ్యాన్ సంగతేంది?" హాలంతా అటు తిరిగింది. "రేపొస్త అక్కా" అన్నాడు డప్పు అబ్బాయి మైకులో. ఆమె కూర్చుంది.

కొందరికి కోపం వచ్చింది, లేచి వెళ్లారు. వాళ్లను ఆపలేదు. ఒకాయన తలుపు దగ్గర నన్ను పట్టుకుని, "ఇప్పుడు ఇంటికి పోయి తానం జెయ్యాల్నా, వద్దా?" అని నిలదీశాడు. అవసరం లేదన్నాను. ఎందుకైనా మంచిదని చేస్తానన్నాడు. వార్డు నాయకుడు వేదిక ఎక్కాడు. దండలు తెచ్చాడు కాబట్టి వేయాలి. నలుగురి మెడలోనూ వేశాడు. జేబులోంచి కాగితం తీసి, "ఈ నలుగురు లేని లోటు" అని మొదలుపెట్టి, ఆగి, వాళ్ల వైపు చూసి, కాగితం మడిచాడు. "ఇగ పాడుండ్రి" అన్నాడు. అది ఆయన ఇచ్చిన ఉపన్యాసాల్లో చిన్నదని తర్వాత ఆయన అనుచరుడే చెప్పాడు.

పాడారు. మిగిలిన జనం కూర్చున్నారు. చావు దగ్గర మధ్యలో లేచిపోవడం మర్యాద కాదని అందరికీ చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ అలవాటుతోనే కూర్చున్నారని నేను అనుకుంటాను. ఎవరూ ఫోను మాట్లాడలేదు, ఎవరూ వేరే పాట అడగలేదు. చప్పట్లు కొట్టవచ్చో లేదో తెలియక మొదటి రెండు పాటలకూ కొట్టలేదు. పిల్లలు ఆ నిశ్శబ్దంలో భయపడి ఇంకా జాగ్రత్తగా పాడారు. మూడోది, మీసాల మనుషులూ సూదీ పాట, పొడుగుదే. రెండో చరణంలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత వరుస వరుసే నవ్వింది. నవ్వు తప్పు కాదని తేలాక చప్పట్లు కూడా వచ్చాయి.

ఐదో పాటలో నా పక్కన ఖాళీ కుర్చీలో ఒక మధ్యవయసు మనిషి వచ్చి కూర్చున్నాడు. పెళ్లిళ్లలో వంట చేసేవాడట, మా తమ్ముడితో చాలా పెళ్లిళ్లు కలిసి చేశాడట.

"మీ తమ్ముని కర్మకు రాలేకపోయిన సార్. ఆ దినం ఖమ్మంల పెళ్లి ఒప్పుకున్న. ఇయ్యాల వచ్చిన అనుకోండి."

అనుకుంటానన్నాను. ఇద్దరం పాట విన్నాం. మా తమ్ముడు ఏ పెళ్లిలోనైనా ముందు పప్పు రుచి చూసి తర్వాతే మైకు బిగించేవాడని ఆయన చెప్పాడు. నాకు తెలియదు.

చివరి పాట అయ్యేసరికి ఏడు దాటింది. జనం బయటికి వెళ్లి చెప్పులు వెతుక్కుంటుంటే పిల్లలు దండలతోనే వచ్చి మరదలి ముందు నిలబడ్డారు. వంద దాటారా లేదా అన్నది ఎవరూ పైకి అడగలేదు. వెళ్లినవాళ్లు పోను కుర్చీల్లో మిగిలింది నూటముప్పై మంది. కీబోర్డు అబ్బాయి పాటల మధ్యలో మూడుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

"వచ్చింది మీ పాట కోసం కాదు" అంది మరదలు.

"కాదక్కా" అంది అమ్మాయి.

"కానీ కూసున్నరు."

"కూసున్నరక్కా."

మరదలు కాసేపు వేదిక వైపు చూసింది. అక్కడ మా తమ్ముడి స్పీకర్లలో అమ్మకుండా మిగిలిన రెండు ఉన్నాయి. "నేను మొన్ననే సిమెంటాయనకు మాటిచ్చిన" అంది. నలుగురి ముఖాలూ ఫ్లెక్సీలో మాదిరిగా అయిపోయాయి. "సగం షెడ్డుకే. మొత్తం కావాలంటే వేరే తాన సూసుకొమ్మన్న. ఎడమ దిక్కు బస్తాలుంటయి, కుడి దిక్కు మీరుండుండ్రి. వంద మంది రాకపోయినా గదే మాట ఉంటుండె."

"మరి ఈ వంద మంది షరతు పెట్టడం ఎందుకమ్మా?" అన్నాను. నా గొంతు కొంచెం లేచింది.

"పెట్టకపోతే మీరు ఇంట్ల నుంచి కదిలేటోళ్లా బావా?" అంది. తర్వాత మెల్లగా, "పొద్దుగూకే యాళ్ల ఆ షెడ్డుల సప్పుడు లేకపోతే నాకు గూడ ఇంట్ల ఉండబుద్ధి గాదు" అని ఆటో కోసం వెళ్లిపోయింది.

సోమవారం బస్తాలు దిగాయి. అమ్మాయి ముక్కుకు రుమాలు కట్టుకుని పాడవలసి వచ్చింది. కానీ రేకుల కింద గొంతు మోగడం తగ్గింది. బస్తాలు చప్పుడును మింగేస్తున్నాయని గిటారు అబ్బాయి కనిపెట్టాడు. లోడు నిండుగా ఉన్న రోజు పాట శుభ్రంగా వినబడుతుంది, ఊళ్లో స్లాబులు ఎక్కువ పడి సరుకు తగ్గిన వారం మళ్లీ మోగుతుంది. అందుకని ఫోనులో రికార్డు చేసుకోవాలంటే ముందు సిమెంటాయనకు ఫోను చేసి లోడు ఎప్పుడని అడుగుతున్నారు.

బస్తాలు దించే హమాలీలు నలుగురు. పని మధ్యలో బస్తాల మీద కూర్చుని బీడీ తాగుతూ వింటారు. వాళ్లలో పెద్దాయన, తలకు తువ్వాలు చుట్టుకునే మనిషి, మొదటివారమే తన అభిప్రాయం చెప్పాడు.

"గా సూది పాట మంచిగుంది గానీ బిడ్డా, శానా పొడుగు. రెండు బస్తాలు దించినా అయిపోతలేదు."

మరుసటి వారానికి ఒక చరణం తీసేశారు. లారీ వచ్చి ఉంది. పెద్దాయన వీపు మీద బస్తాతో లోపలికి వస్తూ, పాట మొదలవడం విని గుమ్మంలోనే ఆగాడు.

"ఆగుండ్రి ఆగుండ్రి" అన్నాడు. "ఇది దించొస్త, అప్పుడు పాడుండ్రి."

గిటారు అబ్బాయి తీగల మీద చెయ్యి పెట్టి ఆపాడు. నలుగురూ ఆయన కోసం ఆగారు.